ఏఐ మోడల్‌కి వెళ్లే ప్రతి రిక్వెస్టునూ మన చేత్తో లాగ్ చేసుకోవడం ఎలా?

ప్రభుత్వ ఉత్తర్వులు, పథకాల మార్గదర్శకాలు వెతికి తెలుగులో జవాబు చెప్పే ఒక చిన్న సహాయకుణ్ణి మా టీమ్ తయారు చేసింది. ఒకరోజు ఒకాయన దరఖాస్తు గడువు గురించి అడిగితే అది పాత తేదీ చెప్పింది. కొత్త ఉత్తర్వు మా దగ్గర ఉంది. వెతికే భాగం దాన్ని పట్టుకున్నట్టు లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ ఏం చేసిందో రాసిపెట్టుకునే చిట్టాలో, కనిపిస్తూనే ఉంది. మోడల్ మాత్రం దాన్ని చూడనట్టే మాట్లాడింది. తప్పు మోడల్‌దే అనుకుని రెండు రోజులు ప్రాంప్ట్ (మోడల్‌కి ఇచ్చే సూచనల పాఠం) మారుస్తూ కూర్చున్నాం.

అసలు సంగతి వేరే ఉంది. టోకెన్ల (మోడల్ పాఠాన్ని విడగొట్టి చదివే చిన్న ముక్కల) పరిమితి దాటకుండా పత్రాలను కత్తిరించే ఫంక్షన్ ఒకటి మేమే రాశాం. తెలుగు పాఠానికి మేం అంచనా వేసినదానికంటే చాలా ఎక్కువ టోకెన్లు పట్టాయి. దాంతో మూడో పత్రం, అంటే ఆ కొత్త ఉత్తర్వే, బయట ఉండిపోయింది. మా లాగ్‌లో ఉన్నది వెతికితే దొరికిన పత్రాల జాబితా మాత్రమే. కత్తిరింపు అయ్యాక మోడల్‌కి చేరిన పాఠం ఎక్కడా రాసి లేదు.

ఈ మార్గదర్శిలో చెప్పే అడుగులన్నీ ఆ రెండు రోజుల నుంచి పుట్టినవే. పంపామని మనం అనుకున్నది ఒకటి, నిజంగా వెళ్లింది ఇంకొకటి అవుతుంది. లాగ్‌లో ఉండాల్సింది రెండోది. ఉదాహరణలు పైథాన్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను, వేరే భాషలో రాసేవాళ్లకూ పద్ధతి ఇదే.

చేత్తో ఎందుకు?

లాంగ్‌ఫ్యూజ్, లాంగ్‌స్మిత్, ఎంఎల్‌ఫ్లో లాంటి పనిముట్లు పేరున్న లైబ్రరీలకు తగులుకుని వాటంతట అవే రిక్వెస్టులను నమోదు చేస్తాయి. అవి మంచివే, వాడుకోండి. అయితే మీరు సొంత సర్వర్‌లో మోడళ్లను నడిపే సాఫ్ట్‌వేర్లయిన వీఎల్‌ఎల్‌ఎం మీదో ఒల్లామా మీదో మోడల్ నడుపుతూ మామూలు హెచ్‌టీటీపీ కాల్‌తో పిలుస్తుంటే వాటికి ఆ కాల్ కనబడకపోవచ్చు. కనబడినా, పత్రాలు కత్తిరించడం లాంటి మన సొంత పనులు వాటికి తెలియవు. మా తప్పు సరిగ్గా ఆ చోటే దాక్కుంది. చేత్తో రాసుకున్న రికార్డులను తర్వాత ఆ పనిముట్లకు పంపుకోవచ్చు కాబట్టి ఈ శ్రమ వృథా కాదు.

మొదటి అడుగు: అన్ని కాల్స్‌నూ ఒకే ఫంక్షన్ గుండా పంపండి

మీ కోడ్ మొత్తంలో మోడల్‌ను పిలిచే చోట్లు ఎన్ని ఉన్నాయో ముందు వెతకండి. జవాబు రాయించేది ఒకటి, ప్రశ్నను తిరగరాయించేది ఒకటి, శీర్షిక పెట్టించేది ఒకటి, రాత్రిపూట సారాంశాలు చేసే స్క్రిప్టు ఇంకొకటి ఉంటాయి. అన్నింటినీ ఒకే ఫంక్షన్‌లోకి మార్చండి. పేరు మీ ఇష్టం, నేను "మోడల్ పిలుపు" అంటాను. లాగ్ రాసే కోడ్ దీని లోపల మాత్రమే ఉండాలి. ఎవరైనా తొందరలో పక్కదారిన నేరుగా మోడల్‌ను పిలిస్తే రివ్యూలో ఆపండి. బిల్లుకూ లాగ్‌కూ లెక్క కుదరడం లేదంటే సాధారణంగా ఇలాంటి పక్కదారి ఒకటి ఉండే ఉంటుంది.

రెండో అడుగు: రికార్డులో ఏమేం ఉండాలి?

పంపిన వైపు నుంచి:

- రికార్డు ఐడీ, ట్రేస్ ఐడీ, స్పాన్ ఐడీ (వీటి సంగతి ఆరో అడుగులో)
- మొదలైన సమయం, యూటీసీలో. భారత కాలమానం అయిదున్నర గంటలు ముందుంటుంది. చూపించేటప్పుడు మార్చుకోండి, దాచేటప్పుడు మార్చకండి
- అడిగిన మోడల్ పేరు, టెంపరేచర్ (జవాబు ఎంత మారుతూ రావచ్చో చెప్పే అంకె), గరిష్ఠ టోకెన్లు, ఇచ్చిన టూల్స్ (మోడల్ అడిగితే మనం నడిపే ఫంక్షన్లు) వివరాలు
- ప్రాంప్ట్ టెంప్లేట్ పేరు, దాని వెర్షన్, కోడ్ కమిట్ నంబర్ (అప్పుడు నడిచింది ఏ కోడో చెప్పేది)
- అన్నీ నింపి, కత్తిరించి, చివరికి తయారైన పూర్తి మెసేజ్‌ల జాబితా
- దొరికిన పత్రాల ఐడీలు ఒక ఫీల్డులో, నిజంగా పంపిన పత్రాల ఐడీలు ఇంకో ఫీల్డులో

వచ్చిన వైపు నుంచి: పూర్తి జవాబు, జవాబు ఆగిన కారణం, టోకెన్ల లెక్కలు, పట్టిన సమయం, జవాబులో వచ్చిన మోడల్ పేరు, కంపెనీ ఇచ్చే రిక్వెస్ట్ ఐడీ.

మోడల్ పేరు రెండుసార్లు ఎందుకంటే, మనం పొట్టి పేరుతో అడిగితే చాలాసార్లు జవాబులో తేదీతో ఉన్న అసలు వెర్షన్ పేరు వస్తుంది. ఆ పొట్టి పేరు వెనకున్న వెర్షన్ ఒకనాడు మారితే, "నిన్నటిదాకా బాగానే ఉండేదే" అన్న ఫిర్యాదుకు సమాధానం ఈ రెండో ఫీల్డులోనే దొరుకుతుంది. రిక్వెస్ట్ ఐడీ ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ రెండూ జవాబు హెడర్లలో పంపుతాయి. వాళ్ల సపోర్టుకు రాయాల్సి వస్తే ముందు అడిగేది దాన్నే.

టోకెన్లను ఒకే అంకెగా కూడి దాచొద్దు. ఇన్‌పుట్, అవుట్‌పుట్, క్యాష్ నుంచి (ముందే పంపగా దాచి ఉంచిన భాగం నుంచి) వచ్చినవి, జవాబుకు ముందు మోడల్ ఆలోచనకు ఖర్చయినవి విడివిడిగా ఉంచండి, ఇన్‌పుట్, అవుట్‌పుట్, క్యాష్ ధరలు వేరు కాబట్టి. ఇక్కడ జారిపడే చోటు ఒకటుంది. ఓపెన్‌ఏఐ చెప్పే ఇన్‌పుట్ లెక్కలో క్యాష్ టోకెన్లు కలిసే ఉంటాయి. ఆంత్రోపిక్ ఇన్‌పుట్ లెక్కలో అవి కలవవు, పక్కన వేరే ఫీల్డులో వస్తాయి. రెండింటికీ ఒకే సూత్రం వేస్తే ఖర్చు లెక్క తప్పుతుంది. అందుకే వచ్చిన లెక్కల భాగాన్ని ఉన్నదున్నట్టుగా కూడా ఒక ఫీల్డులో దాచుకోండి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ రాయకూడదు: ఏపీఐ కీ, అంటే మోడల్ సేవను వాడుకోవడానికి మనకిచ్చే రహస్య సంకేతం. రిక్వెస్ట్ హెడర్లను మొత్తంగా లాగ్‌లోకి కుమ్మరిస్తే కీ కూడా వెళ్లిపోతుంది. కావలసిన హెడర్లను పేరు పెట్టి ఏరుకోండి. ఫొటోలు, పీడీఎఫ్‌లు పంపుతుంటే వాటిని వేరే ఫోల్డర్‌లో షా-256 హ్యాష్ (ఫైల్‌లో ఉన్నదాన్నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి సంకేతం) పేరుతో దాచి, లాగ్‌లో ఆ హ్యాష్ ఒక్కటే పెట్టండి.

మూడో అడుగు: పిలవకముందు ఒకసారి, పిలిచాక ఒకసారి

చాలామంది జవాబు వచ్చాక ఒకేసారి రికార్డు రాస్తారు. సర్వర్ మధ్యలో ఆగిపోయినా, మెమరీ నిండి ప్రాసెస్ చచ్చిపోయినా ఆ రిక్వెస్టు జాడే ఉండదు. మనకు ఎక్కువగా కావలసింది ఆ చెడిపోయిన రిక్వెస్టులే కదా!

అందుకని రికార్డును రెండు భాగాలుగా రాయండి. నెట్‌వర్క్ కాల్‌కి ముందు పంపిన వైపు ఫీల్డులన్నిటితో "మొదలు" వరుస రాయాలి. తర్వాత కాల్‌ను ట్రై బ్లాకులో పెట్టి, ఎర్రర్ వస్తే దాని రకం, స్టేటస్ కోడ్, సందేశం పట్టుకుని, ఫైనల్లీ బ్లాకులో అదే రికార్డు ఐడీతో "ముగింపు" వరుస రాయాలి. పట్టుకున్న ఎర్రర్‌ను మళ్లీ పైకి వదలడం మరిచిపోవద్దు. లాగ్ చేసే కోడ్ ఎర్రర్‌ను మింగేస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

మొదలు ఉండి ముగింపు లేని రికార్డులు ఎన్ని ఉన్నాయో రోజూ లెక్కపెట్టండి. సున్నా కాకపోతే ఎక్కడో ప్రాసెస్ కూలుతోంది.

పట్టిన సమయాన్ని గోడ గడియారంతో కొలవకండి. సర్వర్ గడియారం మధ్యలో సరిచేసుకుంటే మైనస్ సెకన్లు కూడా రావచ్చు. పైథాన్‌లో టైమ్ మాడ్యూల్‌లోని పర్ఫ్ కౌంటర్ ఎప్పుడూ వెనక్కి వెళ్లదు, వ్యవధికి అదే వాడండి.

నాలుగో అడుగు: మనకు తెలియకుండా జరిగే రీట్రైలు (మళ్లీ చేసే ప్రయత్నాలు)

ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ పైథాన్ లైబ్రరీలు రెండూ కొన్ని రకాల ఎర్రర్లు వస్తే, మనం ఏమీ చెప్పకపోయినా, ఇంకో రెండుసార్లు ప్రయత్నిస్తాయి. మన లాగ్‌లో అదంతా ఒకే కాల్‌గా, "జవాబు వచ్చింది, 19 సెకన్లు పట్టింది" అని పడుతుంది. మోడల్ నెమ్మదిగా ఉందని అనుకుంటాం. నిజానికి మొదటి రెండు ప్రయత్నాలు 429 ఎర్రర్‌తో, అంటే "మీ కోటా దాటింది, ఆగండి" అన్న జవాబుతో వెనక్కి వచ్చి ఉండొచ్చు. రెండు జబ్బులకూ మందు వేరు. నెమ్మది అయితే చిన్న మోడల్ చూసుకోవాలి, కోటా అయితే రిక్వెస్టుల వేగం తగ్గించాలి.

లైబ్రరీలో రీట్రైల సంఖ్యను సున్నా చేసి, ఆ లూప్‌ను మీ "మోడల్ పిలుపు" లోపలే రాసుకోండి. ప్రతి ప్రయత్నానికీ సొంత రికార్డు, అందులో ప్రయత్నం నంబర్, అంతకుముందు ఎంతసేపు ఆగామన్నది ఉండాలి. సర్వర్ "ఇన్ని సెకన్లు ఆగు" అని హెడర్‌లో చెబితే ఆ అంకెనూ రాయండి. టైమవుట్ కూడా మీరే పెట్టుకోండి. ఆ రెండు లైబ్రరీల్లోనూ మామూలుగా ఉండేది 10 నిమిషాలు. తెర ముందు కూర్చున్న మనిషి అంతసేపు ఆగడు.

అయిదో అడుగు: ముక్కలు ముక్కలుగా వచ్చే జవాబు

స్ట్రీమింగ్‌లో జవాబు ముక్కలుగా వస్తుంది కాబట్టి ఫంక్షన్ తిరిగి వచ్చిన క్షణాన్ని ముగింపు అనుకోకూడదు. వచ్చే ముక్కలను ఒక జనరేటర్‌తో చుట్టండి. ప్రతి ముక్కనూ వాడేవాళ్లకు అందిస్తూనే ఒక జాబితాలో చేర్చుకుంటూ పోవాలి. మొదటి ముక్క వచ్చిన సమయాన్ని వేరే ఫీల్డులో రాయాలి. మనిషికి "వేగంగా ఉంది" అనిపించేది ఆ అంకెను బట్టే. జనరేటర్ ఫైనల్లీలో ముక్కలన్నీ కలిపి ముగింపు వరుస రాయండి. వాడేవాళ్లు మధ్యలో పేజీ మూసేస్తే ఫైనల్లీ అప్పుడూ నడుస్తుంది. ఆగిన కారణం దగ్గర "వాడుకరి ఆపేశారు" అని పెట్టండి, ఎర్రర్‌గా లెక్కించవద్దు.

టోకెన్ల లెక్క స్ట్రీమింగ్‌లో జారిపోతుంటుంది. ఓపెన్‌ఏఐ చాట్ కంప్లీషన్స్‌లో స్ట్రీమ్ ఆప్షన్లలో లెక్క కావాలని ప్రత్యేకంగా అడిగితేనే చివరి ముక్కలో పంపుతుంది. ఆంత్రోపిక్‌లో ఇన్‌పుట్ లెక్క మొదటి ఈవెంట్‌లో, అవుట్‌పుట్ లెక్క చివరికి దగ్గర్లో వస్తుంది. ఒల్లామా చివరి ముక్కలో ఇస్తుంది, సమయాలు నానోసెకన్లలో ఉంటాయి.

సొంతంగా బైట్లు చదువుతుంటే తెలుగువాళ్లకు తప్పకుండా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. నెట్‌వర్క్ ముక్క సరిగ్గా ఆ మూడింటి మధ్యలో తెగితే, విడివిడిగా డీకోడ్ చేసినప్పుడు అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ కనిపిస్తుంది. ఇంగ్లిష్‌తో పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. కోడెక్స్ మాడ్యూల్‌లోని ఇంక్రిమెంటల్ డీకోడర్ మిగిలిన బైట్లను తర్వాతి ముక్క కోసం దాచి ఉంచుతుంది, దాన్నే వాడండి.

ఆరో అడుగు: ఒక ప్రశ్న వెనకున్న పనులన్నిటినీ ట్రేస్‌తో కట్టడం

ఒక ప్రశ్నకు జవాబు రావాలంటే లోపల అయిదారు పనులు జరుగుతాయి: ప్రశ్న తిరగరాయడం, పత్రాలు వెతకడం, కత్తిరించడం, మోడల్‌ను పిలవడం, అది టూల్ అడిగితే నడిపి మళ్లీ పిలవడం. ఈ మొత్తం ప్రయాణం ఒక ట్రేస్. అందులో ఒక్కో పని ఒక్కో స్పాన్. ప్రతి స్పాన్‌కీ సొంత ఐడీ, తన తల్లి స్పాన్ ఐడీ, ట్రేస్ ఐడీ ఉంటాయి. ఆ మూడు ఉంటే చాలు, చెట్టులా గీసుకోవచ్చు. ఈ ఆలోచనను 2010లో గూగుల్ ప్రచురించిన డాపర్ పరిశోధన పత్రం బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అనే ట్రేసింగ్ ప్రాజెక్టులు 2019లో కలిసి ఓపెన్‌టెలిమెట్రీ అయ్యాయి.

ఐడీలను వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చిన ట్రేస్ కాంటెక్స్ట్ ప్రమాణం ప్రకారమే పెట్టుకోండి. ట్రేస్ ఐడీ 16 బైట్లు, అంటే 32 హెక్స్ అక్షరాలు. స్పాన్ ఐడీ 8 బైట్లు, 16 హెక్స్ అక్షరాలు. ఇప్పుడు మీరు ఫైల్‌లోనే రాసుకుంటున్నా, రేపు ట్రేస్‌లను చూపించే జేగర్ లాంటి పనిముట్టుకో మరోదానికో మార్చాలంటే ఐడీలు మార్చే పని ఉండదు. ఫీల్డుల పేర్లకు ఏఐ కాల్స్ కోసం ఓపెన్‌టెలిమెట్రీ పెట్టిన జెన్‌ఏఐ పేర్లనే వాడితే ఇంకా మంచిది. అవి ఇంకా మారుతున్నాయి కాబట్టి పేర్లన్నీ ఒకే ఫైల్‌లో పెట్టుకోండి.

ట్రేస్ ఐడీని ప్రతి ఫంక్షన్‌కీ చేత్తో అందించుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మరిచిపోతాం. పైథాన్ కాంటెక్స్ట్ వేరియబుల్స్ ఈ పని చేస్తాయి. అసింక్ టాస్కుల్లోకి వాటంతట అవే వెళ్తాయి. థ్రెడ్ పూల్‌లోకి మాత్రం వెళ్లవు, కాంటెక్స్ట్‌ను కాపీ చేసి అందులో పని నడపాలి. ట్రేస్ ఐడీ లేని రికార్డులు కనిపిస్తే ముందు థ్రెడ్ పూల్స్ వైపే చూడండి.

కత్తిరించే పనికి తప్పకుండా విడిగా స్పాన్ పెట్టండి. ఎన్ని పత్రాలు వచ్చాయి, ఎన్ని మిగిలాయి, ఏవి పడిపోయాయి, ఏ పరిమితి వల్ల పడిపోయాయి అని అందులో ఉండాలి. మాకు ఈ ఒక్క స్పాన్ ఉండి ఉంటే రెండు రోజుల టెన్షన్ రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఇంగ్లిష్‌కు చెప్పే "నాలుగు అక్షరాలకు ఒక టోకెన్" లెక్క తెలుగుకు పనికిరాదు. మీరు వాడే మోడల్ టోకెనైజర్‌తోనే మీ పత్రాలను కొలిచి చూడండి.

ఏడో అడుగు: తెలుగును తెలుగులా దాచడం

డేటాను పాఠంగా రాసే జేసన్ రూపం కోసం పైథాన్‌లో ఉన్న లైబ్రరీలో ఎన్ష్యూర్ ఆస్కీ అనే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. దాంతో తెలుగు అక్షరాలన్నీ బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కోడ్‌లుగా మారి లాగ్ చదవడానికి వీలు లేకుండా పోతుంది. "తెలుగు" అన్న మాటలో ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అదే మాట 36 బైట్లు. ఆఫ్ చేసి, ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఇవ్వండి. సీఎస్‌వీగా తీసి ఎక్సెల్‌లో చూసేవాళ్లుంటే బామ్ (ఫైల్ మొదట్లో పెట్టే ఎన్‌కోడింగ్ గుర్తు) ఉన్న యూటీఎఫ్-8తో రాయండి, లేకపోతే తెలుగంతా పిచ్చి గుర్తులుగా తెరుచుకోవచ్చు.

"ఫోన్‌లో" అన్న మాటలో న్ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. అది లేకుండా టైప్ చేస్తే "ఫోన్లో" అని ఒత్తుగా మారుతుంది. వాడేవాళ్లు రెండు రకాలుగానూ రాస్తారు. లాగ్‌లో ఒకటి వెతికితే రెండోది దొరకదు. పరిష్కారం రెండు కాలమ్‌లు. ఒకదానిలో పాఠం వచ్చింది వచ్చినట్టు, ఇంకోదానిలో ఎన్‌ఎఫ్‌సీకి (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే సంకేతాలతో రాసే యూనికోడ్ రూపానికి) మార్చి, కనబడని గుర్తులు తీసేసి వెతకడానికి వీలుగా. మొదటి కాలమ్‌ను ఎప్పుడూ సరిదిద్దకండి. మోడల్ చూసింది దాన్నే.

ఎనిమిదో అడుగు: జనం వివరాలు

వెళ్లింది వెళ్లినట్టు రాయాలన్నాను. కానీ ఆ వెళ్లిన దానిలో మనుషుల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు, రోగాల వివరాలు ఉంటాయి. అడిగేది సాయం కోసం వచ్చిన మనిషి. ఆ వివరాలు మన లాగ్ ఫైల్లో ఏళ్ల తరబడి పడి ఉండటం న్యాయం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తన డేటా తుడిచేయమని అడిగే హక్కును కూడా గుర్తించింది.

ఫైల్లోకి రాయకముందే నంబర్లను గుర్తులతో మార్చండి: ఫోన్-1, ఫోన్-2, ఆధార్-1. ఒకే ట్రేస్‌లో ఒకే నంబర్‌కు ఒకే గుర్తు ఉండాలి. అప్పుడు సంభాషణ చదివితే అర్థమవుతుంది, మనిషి మాత్రం బయటపడడు. ఎన్ని మార్పులు జరిగాయో ఒక ఫీల్డులో రాయండి, చదివేవాళ్లకు ఇది యథాతథం కాదని తెలియాలి. ఆధార్ నంబర్‌ను జనం నాలుగేసి అంకెలుగా ఖాళీలిచ్చి రాస్తారు, నమూనా ఖాళీలను ఒప్పుకోవాలి. గొంతుతో టైప్ చేసేవాళ్ల నంబర్లు "తొంభై ఎనిమిది నలభై..." అని మాటల్లో రావచ్చు. అంకెల నమూనాకు అవి చిక్కవు. అందుకే మార్పిడి ఒక్కదాన్నే నమ్ముకోకుండా పూర్తి పాఠాన్ని తక్కువ రోజులే ఉంచుతాం. మేం 30 రోజులకు పాఠం తీసేసి, అంకెలూ ఐడీలూ మాత్రం ఏడాది ఉంచుతున్నాం.

వాడుకరిని గుర్తించడానికి ఫోన్ నంబర్ హ్యాష్ దాచడం భద్రం కాదు. పది అంకెల నంబర్లన్నిటికీ హ్యాష్ వేసి పోల్చడం కంప్యూటర్‌కు చిన్న పని. రహస్య కీతో చేసే హెచ్‌మ్యాక్ వాడి, ఆ కీని లాగ్‌లు ఉన్న చోట కాకుండా వేరేచోట ఉంచండి.

తొమ్మిదో అడుగు: ఎక్కడ రాయాలి?

చిన్న సేవకు, వరుసకో రికార్డు చొప్పున జేసన్ లైన్ల ఫైల్ చాలు. మోడల్ జవాబుకు సెకన్లు పడుతుంటే ఫైల్లో ఒక వరుస చేర్చడానికి పట్టే సమయం లెక్కలోకి రాదు, కాబట్టి మొదట్లోనే పెద్ద క్యూలు కట్టకండి. ప్రాసెస్‌లు చాలా ఉంటే ఒక్కోదానికి ఒక్కో ఫైల్ ఇవ్వండి. గంటకోసారి వాటిని ఎస్‌క్యూలైట్‌లోకో పోస్ట్‌గ్రెస్‌లోకో ఎక్కించండి. డిస్క్ నిండి లాగ్ రాయలేకపోయినా వాడేవాళ్లకు జవాబు ఆగకూడదు. అలాగని నిశ్శబ్దంగా వదిలేయకుండా, రాయలేకపోయినవాటి లెక్క విడిగా ఉంచి, అది పెరిగితే ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా చేయండి.

పదో అడుగు: రోజూ ఏం చూడాలి?

సగటు సమయం చూసి తృప్తి పడొద్దు. వంద రిక్వెస్టులను వేగం ప్రకారం పేర్చితే 95వది ఎంతసేపు పట్టిందో చూడండి, ముఖ్యంగా మొదటి ముక్క సమయం. ఖర్చును కాల్‌కు కాకుండా ట్రేస్‌కు లెక్కకట్టండి. ఒక ప్రశ్న వెనక ఏడు కాల్స్ నడుస్తున్నాయని అప్పుడే తెలుస్తుంది. ఎర్రర్లను రకాలవారీగా విడదీయండి. కత్తిరింపులో పత్రం పడిపోయిన ట్రేస్‌ల శాతం చూడండి.

అన్నిటికంటే ముందు నేను చూసేది జవాబు ఆగిన కారణం. గరిష్ఠ టోకెన్లు అయిపోయి ఆగినవి ఎక్కువగా ఉంటే, జవాబులు వాక్యం మధ్యలో తెగుతున్నాయని అర్థం. స్టేటస్ కోడ్ 200 అనే ఉంటుంది, ఏ అలర్టూ మోగదు. ఇంగ్లిష్ జవాబులు చూసి పెట్టిన పరిమితి తెలుగుకు చాలకపోవడం వల్ల ఇది మామూలుగా జరుగుతుంది.

చివరి అడుగు: లాగ్‌ను పరీక్షించడం

నిన్నటి రికార్డుల్లోంచి ఏదో ఒకటి తీయండి. కోడ్ చూడకుండా, డేటాబేస్ తెరవకుండా, ఆ రికార్డు ఒక్కదానితోనే అదే రిక్వెస్టును మళ్లీ కట్టి మోడల్‌కి పంపే చిన్న స్క్రిప్టు రాయండి. మార్చిన నంబర్ల స్థానంలో దొంగ నంబర్లు పెట్టుకోండి. టెంపరేచర్ సున్నా పెట్టినా జవాబు అక్షరం పొల్లుపోకుండా అదే రాకపోవచ్చు, ఫర్వాలేదు. చూడాల్సింది రిక్వెస్టు పూర్తిగా కట్టగలిగామా అన్నది. మేం మొదటిసారి చేసినప్పుడు టూల్స్ వివరాలు రాయలేదని తేలింది. రెండోసారి సిస్టమ్ ప్రాంప్ట్‌లో కలిసే ఈ రోజు తేదీ లేదని తేలింది. ప్రతి లోటుకూ ఒక ఫీల్డు చేర్చి, రికార్డు నిర్మాణానికి వెర్షన్ నంబర్ ఒకటి పెంచాం. ఇప్పుడు మూడో వెర్షన్‌లో ఉన్నాం. ఈ పరీక్ష ప్రతి సోమవారం పొద్దున దానంతటదే నడుస్తుంది.